పలువరుస – పద్నాలుగో వారం: కదలకూడని చోటు

“ఏదో ప్లాట్‌ఫారం ఏంది బిడ్డా? ఏదో అంటె ఏది?”

కరీంనగర్ బస్టాండులో ఎంక్వైరీ కిటికీ ముందు మూట దించి లింగవ్వ ఈ ప్రశ్న వేసిన చోటనే పోయిన వారం మనం బస్సు దిగాం. మైకు ముందు కూర్చున్న ఉమారాణి చెప్పింది “కాగజ్‌నగర్ పోయే బస్సు ఏడో ప్లాట్‌ఫారం” అని. స్తంభానికి కట్టిన స్పీకర్లోంచి బయటపడింది మాత్రం “ఏదో ప్లాట్‌ఫారం” అని. లింగవ్వా, ఆమె వెంట పెళ్లికి బయల్దేరిన పదిహేను మందీ సామాను నెత్తిన పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి ‘ఏదో’ ప్లాట్‌ఫారాన్ని వెతుకుతుంటే, ఏడో దాని మీది బస్సు కాళ్లు చాపుకున్నంత ఖాళీతో కదిలిపోయింది. లింగవ్వ కిటికీ ఊచలు పట్టుకుంది. “ఏదో అనలే అవ్వా, ఏదో అన్న!” అని ఉమారాణి మొత్తుకుంది. అది సంజాయిషీ అని ఆమెకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆఖరికి కాగితం మీద ఏడంకె వేసి అద్దానికి అంటిస్తే గాని సంగతి బోధపడలేదు. బోధపడేసరికి బస్సు సుల్తానాబాద్ దాటింది. ఏడు పోయి ఏడుపు మిగిలింది. మధ్యాహ్నానికల్లా ఉమారాణిని మైకు ముందు నుంచి లేపి పాసుల కౌంటర్లో కూర్చోబెట్టారు.

మధ్య స్టేజీలో ఎక్కినవాళ్లు జరుక్కుని కూర్చోండి, రెండు ముక్కలు చెప్తాను. ఉమారాణి మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే రాయమల్లు కూతురు. వయసు ఇరవై నాలుగు, కొంచెం ఎత్తుపళ్లు. వాటిని లోపలికి జరపడానికి డాక్టర్ నవీన తీగలు కట్టకుండా, తీసి పెట్టుకునే ప్లేట్లు ఇచ్చింది. పళ్లకు అద్దంలాంటి పల్చని తొడుగు, దాన్ని అంటుకుని అంగిలి నిండా గులాబిరంగు పలక. పళ్లను వెనక్కి తోయాలంటే తోసేవాడికి కాలు ఆనించుకోవడానికి ఒక చోటు కావాలి కదా. ఆ చోటు అంగిలి. నోట్లో పళ్లు కదులుతాయి, దవడ కదులుతుంది, నాలుక సంగతి చెప్పక్కర్లేదు. అంగిలి ఒక్కటే కదలదు. అందుకని దాన్ని నమ్ముకున్నారు. పక్షం రోజులకొకటి చొప్పున ఇరవై ప్లేట్లు.

ఆ ప్లేట్లు చేసేవాడు సామ్యూల్. ముప్పై రెండేళ్లుగా కట్టుడుపళ్ల పని. “పన్ను కట్టించుకునేది సర్కారు, పన్ను కట్టేది నేను” అని తన మీద తనే జోకు వేసి, ఎదుటివాళ్ల కంటే ముందు తనే నవ్వే మనిషి. అతని తండ్రీ మందమర్రి బాయిలోనే చేశాడు. క్వార్టర్లలో రాయమల్లు వాళ్లది, వీళ్లది ఒకే గోడ. ఆ గోడ సాక్షిగా వీళ్లు బావా బామ్మర్దులు. ఆ వరుస మీదనే ఉమారాణి అతనికి కోడలు, ఆమెకు అతను మామ.

ట, డ, ణ అనాలంటే నాలుక మడతపడి అంగిలిని తట్టాలి. తట్టబోతే మధ్యలో పలక. పలక అడ్డమొస్తే పలుకు తడబడుతుంది. మొదటి పక్షం ఉమారాణికి కొండగట్టు ‘కొందగత్తు’ అయింది, ఇచ్చోడ ‘ఇచ్చోద’ అయింది. తర్వాత నాలుక పలకతో రాజీపడింది. మూడో ప్లేటుకల్లా ఆమె కొండగట్టు అంటే గుట్ట మెట్లు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వినబడేది. ఆరో ప్లేటు నుంచి మళ్లీ మొదటికొచ్చింది. అచ్చులు పోసేది సామ్యూల్, హల్లులు పోగొట్టుకున్నది ఉమారాణి. ఎందుకో ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి సామ్యూల్‌కు తెలిసింది.

శుక్రవారం డాక్టర్ నవీన పళ్ల క్యాంపుకని ఇచ్చోడ పోయింది. పోతూ పోతూ ఫోనులోనే, ఉమారాణి నోటి కొలత మళ్లీ తీసుకోమని కరీంనగర్ క్లినిక్‌లో నర్సుకు పురమాయించింది. ఆ కొలతలో సామ్యూల్ సుద్ద కలిపి పోసిన అచ్చు పొద్దుటికి ఆరింది. క్లినిక్ వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, ఎడమచేతిలో నాలుగు నెలల కిందటి పాత అచ్చు, కుడిచేతిలో కొత్త అచ్చు పట్టుకుని వేలితో తడిమాడు. అతని వేలు అతని కళ్లద్దాల కంటే నమ్మకమైంది.

కుడివైపు, వెనక దంతం పక్కన, అంగిలి మెత్తబడేచోటికి కొంచెం ఇవతల వేలు ఎక్కి దిగింది. నానిన శనగగింజంత ఎత్తు. పాత అచ్చు మీద అక్కడ అద్దంలా నునుపు. పోతలో గాలిబుడగ పడిందేమోనని ఆశపడి గోటితో గీరాడు. బుడగ కాదు.

ఆ చోటు అతనికి బాగా తెలుసు.

ఆరో ప్లేటు పెట్టుకున్న రెండో రోజే డ్యూటీ దిగి వచ్చి, “మామా, ఈడ జర ఒత్తుతుంది” అని ఉమారాణి నోరు తెరిచి చూపించింది. సామ్యూల్ పలక లోపలి పక్క ఆ చోట కొంచెం గీకి, నున్నగా పట్టించి ఇచ్చాడు. “హాయిగుంది మామా” అని పోయింది. ఏడో ప్లేటుకు మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే గీకాడు, ఈసారి కొంచెం ఎక్కువ. ఎనిమిదో ప్లేటుకు ఇంకా ఎక్కువ. ఆమె నోట్లోకి లైటు వేసి చూడలేదు. కట్టుడుపళ్ల పనివాడి శాస్త్రంలో మొట్టమొదటి ఆజ్ఞ అది: నోరు ఎన్నడూ తప్పు చేయదు, ఒత్తితే పలకదే తప్పు. పైగా చేసిన పని డాక్టర్ దాకా తిరిగిపోతే పనివాడికి నామోషీ. గుట్టుగా గీకి గుట్టుగా ఇవ్వడమే పనితనం. అంగిలి నోటికి కప్పు. సామ్యూల్ చేసింది కప్పిపుచ్చు. తెలిసి కాదు. కానీ తెలియకపోవడం కూడా ఈ పొద్దున తొమ్మిదింటిదాకానే.

ఇంకొకటి కూడా అతనికి అప్పుడే తట్టింది. ప్లేట్లన్నీ పాత అచ్చు అంగిలి మీద చేసినవి. పళ్ల వరుస మారేకొద్దీ తొడుగులు మారాయి, అంగిలి పలక మాత్రం మొదటి రోజుదే. కొత్త అచ్చు మీద చేస్తే పలక ఆ శనగగింజను చక్కగా కౌగిలించుకుని కూర్చుంటుంది. ఒత్తదు. ఊగదు. ట, డ తిరిగొస్తాయి, ఉమారాణికి మైకు తిరిగొస్తుంది, సామ్యూల్ పరువు అసలు పోనే పోదు. ఒక్క మాట మింగితే చాలు, అందరికీ సుఖం.

మగ్దలేనమ్మ చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి భర్త మొహంలోకి చూసింది.

“ఏందయ్యా, పొద్దటి సంది నీ నోట్లకెళ్లి ఒక్క పిచ్చి ముచ్చట రాలే. పాణం మంచిగ లేదా?”

“పండ్ల మనిషికి పండ్లనొప్పి రావద్దా?”

“గిది ముచ్చటేనా? సప్పగుంది.” ఆమె పోబోతూ ఆగింది. “రేపు చర్చిల ప్రభు బల్ల. ఎవలితోనన్న కిరికిరి ఉంటె ఇయ్యాల్నే తెంపుకో. మనసుల పెట్టుకొని రొట్టె ముట్టద్దు.”

ఆమెకు ఏమీ తెలియదు. నెలనెలా శనివారం ఆమె చెప్పే మాటే అది. సామ్యూల్ చాయ్ ముట్టలేదు. రెండు అచ్చులూ గుడ్డసంచిలో వేసుకున్నాడు. గీకి ఇచ్చిన ప్లేట్లు మూడూ ఉమారాణి నిన్ననే నర్సుకు ఇచ్చిపోయింది. వాటినీ వేసుకున్నాడు. సంచి బరువు పావుకిలో ఉంటుందేమో, గది నుంచి క్లినిక్ ముందుభాగానికి పది అడుగులు నడిచేసరికి భుజం గుంజింది.

పదకొండింటికి పంటి కింద రాయిలా రాయమల్లు దిగాడు. వెనక భార్య అనసూర్య, ఆమె వెనక చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని ఉమారాణి. మందమర్రి నుంచి తొలి బస్సుకు వచ్చినట్టున్నారు భార్యాభర్తలు, ఇద్దరి కళ్లలోనూ నిద్ర.

“నవ్వు బావా, నవ్వు,” అన్నాడు రాయమల్లు, సామ్యూల్ నవ్వకపోయినా. “నీ పలక జేయవట్టి నా బిడ్డ పాసుల మీద ముద్రలు గుద్దుకుంట కూసున్నది. మైకుల మాట్లాడుతుంటె మా క్వార్టర్ల లైన్లోళ్లందరు ఫోన్ల రికార్డు జేసుకొని ఇనెటోళ్లు. ఇప్పుడేమంటున్రో ఎరికేనా? రాయమల్లు బిడ్డకు నోరు తిరుగది అంటున్రు.”

“కూసో రాయమల్లూ.”

“కూసునెటందుకు రాలే. పట్నంల పెద్ద పెద్ద దవఖానలుంటె గా డాక్టరమ్మ దగ్గరికి ఎందుకు తెచ్చిన? ప్లేట్లు జేసేది మా బావ గదా అని తెచ్చిన. నిన్ను జూసి తెచ్చిన!”

“మెల్లగ మాట్లాడు, లోపల డాక్టరమ్మ ఉంది,” అంది అనసూర్య. “అన్న మొకం జూడు, ఎట్ల గుంజుకపోయిందో.”

రాత్రే క్యాంపు నుంచి తిరిగొచ్చిన నవీన తలుపు తీసి అందరినీ లోపలికి పిలిచింది. సన్నగా, చకచకా మాట్లాడే మనిషి, ముప్పై ఐదు దాటవు. ఉమారాణిని కుర్చీలో కూర్చోబెట్టి, తొమ్మిదో ప్లేటు పెట్టించి, పళ్ల మీద నొక్కి చూసింది. ప్లేటు ఎడమవైపు కూర్చుంది, కుడివైపు లేచింది.

“ఊగుతుంది,” అంది. “ఒక్క వైపే లేస్తుందంటే ప్లేటు వంకర పోయినట్టుంది. ఉమా, పెట్టుకొని వేడివేమైనా తాగినవా?”

తల్లి మాట్లాడింది. “తాగుతది మేడం! సల్లటి చాయ్ దీనికి గొంతు దిగది. ప్లేటు తియ్యవే అంటె, ఎవలు తీస్తరు మల్ల ఎవలు పెడ్తరు అంటది.”

“రెండు మూడుసార్లు తాగిన మేడం,” అని ఉమారాణి ఒప్పుకుంది. కళ్లు నేల మీద. “డ్యూటీల ఉన్నప్పుడు. నాదే తప్పు.”

“అదే మరి. వేడికి వంగింది.” నవీన చేతులు తుడుచుకుంది. ఊపిరి తేలికైంది ఆమెకు. “భయపడేదేం లేదు రాయమల్లు గారూ. నిన్న కొత్త కొలత తీయించిన. సామ్యూల్ గారూ, కొత్త అచ్చు బాగొచ్చింది కదా? మిగతా ప్లేట్లన్నీ దాని మీదే చేసేయండి. పదిరోజుల్లో మాట మామూలైతది.”

రాయమల్లు భుజాలు దిగాయి. అతను కోపం మనిషే గాని పగ మనిషి కాదు. సామ్యూల్ వైపు ఇబ్బందిగా చూశాడు. “అంటె బావ తప్పు లేదన్నట్టేనా?”

“లేదు,” అంది నవీన.

“సరే మేడం,” అన్నాడు సామ్యూల్.

అన్నది తనేనా అని అతనికే అనుమానం వచ్చింది. ఎంత సులువుగా పలికింది ఆ మాట! అడ్డమేమీ తగల్లేదు. ఉమారాణి కుర్చీలోంచి దిగి చెప్పులు వేసుకుని అతని దగ్గరికొచ్చింది.

“సారీ మామా,” అంది. అది సరిగ్గానే పలికింది. “నేను చాయ్ తాగవట్టి బాపుతోని నువ్వు మాటలు పడ్డవ్. మూడుసార్లు నీ దగ్గరికొస్తె ఒక్కసారన్న ఇసుక్కోకుంట మంచిగ జేసిచ్చినవ్. అప్పుడే చెప్పాల్సుండె, సిగ్గై చెప్పలే.”

సామ్యూల్ సంచి పట్టుకున్న చెయ్యి తెరుచుకోలేదు. అతను జీవితంలో వేసిన పిచ్చి జోకులన్నీ ఒక్కొక్కటే వచ్చి గొంతులో నిలబడ్డాయి, ఏదైనా ఒకటి అనేసి బయటికి నడవొచ్చని. ఏదీ పలకలేదు.

“కూసో బిడ్డా,” అన్నాడు. “మల్ల కుర్సీల కూసో.”

“ఎందుకు?”

“కూసో. మేడం, జర ఆగుర్రి. ప్లేటు వంగలే.”

సంచిలోంచి రెండు అచ్చులూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నవీన వంగి చూసింది. ఆమెకు చెప్పనక్కర లేకపోయింది. ఆమె చేతులు తుడుచుకుంటున్న కాగితం అట్లాగే ఆగింది. కానీ మిగిలిన ముగ్గురికీ చెప్పాలి.

“రాయమల్లూ, గీ పాతదాని మీద వేలు పెట్టి సూడు. ఈడ. నున్నగుందా? ఇగ గిది నిన్నటిది. గదే జాగల.”

రాయమల్లు లావాటి వేలు, బొగ్గు గీతలు పోని వేలు, తెల్లని అచ్చు మీద పాకి ఆగింది.

“బుడిపె ఉన్నది.”

“అచ్చుది గాదు గది. నోట్ల ఉన్నది. చాయ్‌తోని ప్లేటు చెడిపోలే. మొదటి సంది ప్లేటు మంచిగనే ఉన్నది. అంగిలి కదలదు అని దాన్ని నమ్ముకొని ఇరవై ప్లేట్లు లెక్కగట్టినం. కదలంది కదిలింది. పలక దాని మీద ఊగుతుంది, నాలుక తట్టే జాగ మారింది, అందుకే మాట తప్పుతుంది. ఉమది తప్పు లేదు. మేడంది లేదు.” వేలు తన వైపు తిప్పుకున్నాడు. “నెలన్నర సంది నాకు చెప్పుతనే ఉన్నది గీ పిల్ల, ఈడ ఒత్తుతుంది మామా అని. నేను పలక గీకిన. ఒక్కసారి గాదు, మూడుసార్లు. నోట్ల లైటేసి సూడలే. మేడంకు చెప్పలే. నా పనిల తప్పు పట్టుకుంటరని చెప్పలే. నేను గీకకపోతె నొప్పికి ఆగలేక మొదటి వారమే మేడం దగ్గరికి పోతుండె.”

అనసూర్యకు సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలు, ఆమె గోడకు ఆనుకుంది.

“ఉమా,” అంది నవీన, “ఏ ఇబ్బంది ఉన్నా మధ్యలనే రమ్మన్నా కదా నిన్ను?”

“మామ ఉన్నడు గదా మేడం,” అంది ఉమారాణి. “ఇంటి మనిషి.”

రాయమల్లు చేతిలో కొత్త అచ్చు ఇంకా అట్లాగే ఉంది. అతను అరుస్తాడని సామ్యూల్ ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. రాయమల్లు చాలా మెల్లగా, బాయి దిగబోయే కొత్త కుర్రాళ్లకు చెప్పినట్టు చెప్పాడు.

“బావా, ముప్పై ఏండ్ల సంది బాయిల కప్పుకు కర్రలు నిలబెడుతున్న. ఒకనాడు నిలబెట్టిన కర్ర తెల్లారి ఇరుకైందనుకో. కర్రను చెక్కుతమా? చెక్కం. కప్పు దిగుతుందని ఎరికైతది. మనుషుల్ని బయటికి తోలుతం. మీ బాపు నేర్పిండు నాకు గది. నీకు నేర్పలేదా?”

సామ్యూల్ ఎన్నడూ తండ్రి వెంట బాయి దిగలేదు. దుమ్ము పడదని, చేతిపని నేర్చుకుంటానని కరీంనగర్ వచ్చేశాడు.

నవీన లైటు దించి ఉమారాణి నోటి దగ్గరికి లాగింది. చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది, తర్వాత తొడుగు వేసుకున్న వేలితో నొక్కింది. “నొప్పా?” ఉమారాణి తల అడ్డంగా ఊపింది. “తిమ్మిరి?” ఆలోచించి, నిలువుగా ఊపింది.

“రంగు మారలేదు, పుండు లేదు. పైపైన చూస్తే ఎవరికీ కనబడదు,” అంది నవీన. అది సామ్యూల్ కోసం అన్నదో, తన కోసం అన్నదో. “ఎంత తొందరగా పెరిగిందో తెలిస్తే బాగుండేది. మొదటిసారి ఎంతుండెనో ఎవరన్నా చూసి ఉంటే…”

“తెలుస్తది,” అన్నాడు సామ్యూల్.

సంచి అడుగు నుంచి మూడు ప్లేట్లు తీసి, కిటికీ దగ్గరికి పోయి ఎండకు పట్టాడు. ఆరోదాని వెనక వేలు పెట్టాడు. గులాబిరంగు పలకలో వేలు నీడ మాత్రం తెలిసింది. ఏడోది పట్టాడు. వేలి అంచు తెలిసింది. ఎనిమిదోది పట్టాడు. గోటి మీది గీత కూడా కనబడింది, పలక అంత పల్చబడింది. ఎంత లేచిందో అంత గీకాడు. ఆ గడ్డ లెక్క లోకంలో ఎవరి దగ్గరా లేదు, అతని చేతి తప్పులో ఉంది.

నలుగురూ చూశారు. ఈసారి అనసూర్యకు కూడా మొత్తం అర్థమైంది. ఆరుకూ ఏడుకూ నడుమ తేడా కొంచెం. ఏడుకూ ఎనిమిదికీ నడుమ తేడా కొంచెం కాదు.

“గిదేం గడ్డ డాక్టరమ్మా?” అడిగాడు రాయమల్లు. “మంచిదా, చెడ్డదా?”

“ముక్క తీసి పరీక్ష చేయిస్తే గాని నేను చెప్పలేను. మంచివి కూడా ఉంటయి. చానా ఉంటయి.” నవీన ఉమారాణి వెనక్కి వెళ్లి నిలబడింది. “తల కొంచెం వంచు తల్లీ. మెడ వదులుగా పెట్టు.”

ఆమె రెండు చేతుల వేళ్లూ దవడ కింద నుంచి మెల్లగా, వడ్ల గింజలు ఏరినట్టు, వెనక్కి జరిగాయి. ఎడమచేతి వేళ్లు చెవి దాకా పోయి దిగాయి. కుడిచేతి వేళ్లు చెవి కింద ఇంకో గట్టి గింజ దగ్గర ఆగాయి. కొంచెం ముందుకొచ్చాయి. మళ్లీ అక్కడికే పోయి ఆగాయి.

“సామ్యూల్ గారూ,” అంది నవీన తల ఎత్తకుండా, “తలుపు దగ్గరికేసి, అనసూర్యమ్మను కూర్చోబెట్టండి.”